ఇరవై ఒక్క పుడ్డింగ్ గిన్నెలు

"ఆ కుండలో నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యొద్దు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ క్రాగ్.

కానిస్టేబుల్ స్పెన్స్ గోడ గడియారం వంక చూసి పుస్తకంలో రాసుకున్నాడు. మంగళవారం, మధ్యాహ్నం రెండూ నలభై.

అదే పొయ్యి. అదే ఇనప కుండ. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి స్పెన్స్ ఈ వంటింట్లో అడుగుపెట్టినప్పుడు ఆ కుండలో, గుడ్డ కట్టిన గిన్నెలో, పిండీ ఎండుపళ్ళూ కలిపిన క్రిస్మస్ పుడ్డింగ్ ఉడుకుతోంది. ఇంటావిడ మాత్రం నేలమాళిగ మెట్ల కింద తల పగిలి, తుంటి విరిగి, చచ్చిపడి ఉంది. మెర్సీ గార్త్. అరవై ఎనిమిదేళ్ళు. భర్త పోయి చాలాకాలమైంది. ఆస్కర్బీ లోయలో పుడ్డింగ్ అంటే ఆవిడే. యుద్ధకాలపు చక్కెర రేషను ఎత్తేశాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కి ఊరు ఊరంతా ఆవిడ వంటింటి వైపే ఆశగా చూస్తోంది.

నిజానికి ఈ కేసు క్రాగ్‌ది కాదు. జిల్లా కేంద్రం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ రడ్‌ది. రడ్ సోమవారం పొద్దున్నే తోటమాలి ఎల్విన్ మాస్సప్‌ని పట్టుకుని లోపలేశాడు. ఈ సాయంత్రం నాలుగున్నరకి మేజిస్ట్రేటు ముందు నిలబెడుతున్నాడు. పాత జైలుపక్షి మాస్సప్. ఇంక వాడి మెడకి ఉరితాడు తప్పదని సారాయి దుకాణంలో అప్పుడే తీర్పు కూడా చెప్పేసుకున్నారు.

క్రాగ్‌ని ఇక్కడికి రప్పించింది ఒక ఉత్తరం. శనివారం పోస్టులో వేసింది, సోమవారం అతని బల్ల మీదకి చేరింది. అప్పటికి రాసిన మనిషి లేదు. 'అబ్బాయీ, మా నెల్ సంగతి ఒకటి తెలిసింది. నోటితో చెప్పేది కాదు, కళ్ళతో చూడాలి. వీలు చూసుకుని రా.' అంతే. కింద మెర్సీ సంతకం.

ఆ ఉత్తరం చూపిస్తే సూపరింటెండెంటు గొణుక్కుంటూ నాలుగింటి దాకా గడువిచ్చాడు.

నెల్ ఆవిడ కూతురు. పంతొమ్మిదివందల ముప్ఫై రెండులో, ఇలాంటి నవంబరు ఆదివారమే, ఇంటి వెనక వాగులో పడి పోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల. నీళ్ళలోంచి ఎత్తి గట్టుకి చేర్చినవాడు అప్పుడే ఉద్యోగంలో చేరిన కానిస్టేబుల్ క్రాగ్. మంచులా చల్లబడిన ఆ చిన్న అరచేతిలో ఇంకా జాజికాయ వాసన ఉంది. పొద్దున్నే పుడ్డింగ్ కలిపిన చెయ్యి. చెంప మీద కమిలిన మచ్చ. వాగులో రాళ్ళు తగిలి ఉంటాయన్నారు, రాసుకున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఎవరింట్లో జాజికాయ గీరినా క్రాగ్ ఏదో వంక పెట్టి బయటికి వెళ్ళిపోతాడు. ఇవాళ వెళ్ళడానికి లేదు. వంటిల్లంతా అదే వాసన.

"టీ తీసుకోండి, ఇన్‌స్పెక్టర్ గారూ."

చనిపోయినావిడ ఆడపడుచు ఇడా గార్త్ కప్పు ముందుకు జరిపింది. అరవై నాలుగేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, మొదటినుంచీ ఈ ఇంట్లోనే ఉంది. సంతాపానికి ఒంటి మీద అన్నీ నల్లబట్టలే. చేతులకి కూడా నల్ల తొడుగులు. పక్కన పళ్ళెంలో పండ్ల కేకు, దాని మీద చీజ్ ముక్క. కేకు మెర్సీ చేసిందే అయ్యుంటుంది. క్రాగ్ ముట్టుకోలేదు.

"ఆదివారం సంగతి మళ్ళీ చెప్పండి, మిస్ గార్త్."

"మూడోసారి!"

"ఇంకోసారి చెబితే అరిగిపోదుగా."

ఇడా పెదాలు బిగించింది. "చర్చి నుంచి పన్నెండింటికి వచ్చాం. కలుపుడు ఆదివారం కదా, ఏటా ఇంటింటా క్రిస్మస్ పుడ్డింగ్ కలిపే రోజు, ఇద్దరం తలో గరిటె తిప్పి మనసులో కోరిక కోరుకున్నాం. ఒంటిగంటకి వదిన గిన్నెకి గుడ్డ కట్టి కుండలో పెట్టింది. ఒంటిగంటా ఇరవై బస్సుకి నేను హార్బెక్ వెళ్ళాను, ప్రార్థన కూటానికి. ఆరూ పదికి తిరిగొచ్చాను. వదిన కింద పడి ఉంది. పాదిరి గారింటికి పరిగెత్తాను."

"గుడ్డ కట్టడం మీ కళ్ళతో చూశారా?"

"ఈ బల్ల దగ్గరే. ఇక్కడే నిలబడి చూశాను."

"కుచ్చు పెట్టారా ఆవిడ?"

"ఏం కుచ్చు?"

"ఏం లేదు. తిరిగొచ్చాక కుండని ముట్టుకున్నారా?"

"వదిన చచ్చిపడి ఉంటే నాకు పుడ్డింగ్ గోల ఎందుకండీ? అసలు నాకు వంటే రాదు. ఈ ఇంట్లో పొయ్యి ఆవిడది, సూదీ దారం నాది."

"తొడుగులు తియ్యరా మీరు? టీ తాగేటప్పుడు కూడా?"

"చలికి చేతులు పగిలాయి."

అప్పుడు మొదలైంది ఆ చప్పుడు. టక్. కాసేపాగి మళ్ళీ టక్. కుండలోంచి.

ఇడా చేతిలో కప్పు ఒలికింది.

"గోలీ, సార్," అన్నాడు స్పెన్స్ చిన్న గొంతుతో. "మెర్సీ అమ్మ కుండలో ఎప్పుడూ ఒక గాజు గోలీ వేసి ఉంచేది. నిండుగా నీళ్ళుంటే అది కదలదు. తగ్గాయంటే ఎగిరెగిరి కుండని కొడుతుంది. ఆ చప్పుడు వినగానే వచ్చి నీళ్ళు పోసేది. ఆ గోలీ... ఆ పిల్లదంటారు."

"ఆదివారం నువ్వొచ్చినప్పుడు మోగుతోందా?"

"లేదు సార్. మూత తీస్తే నీళ్ళు అంచుకి రెండు వేళ్ళు కింద ఉన్నాయి. ఇదిగో, వేలు కూడా కాల్చుకున్నాను."

ఇడా లేచింది. "తలనొప్పిగా ఉంది. కాసేపు పడుకుంటాను." మెట్లెక్కుతుంటే గోలీ చప్పుడు ఆమె వెనకే ఎక్కుతున్నట్టు క్రాగ్‌కి అనిపించింది.

మూడూ పదిహేనుకి బయట కారు ఆగింది. ఇన్‌స్పెక్టర్ రడ్ టోపీ కూడా తియ్యకుండా లోపలికొచ్చాడు. ముప్ఫై ఆరేళ్ళవాడు, జుట్టుకి నూనె ఎక్కువ, ఓపిక తక్కువ.

"వంటిల్లు భలే వెచ్చగా ఉందే! ఏం వండుతున్నావు క్రాగ్? మీ అమ్మ జమీందారింట్లో వంటమనిషి అని విన్నాలే. వంశం నిలబెడుతున్నావన్నమాట."

"ముప్ఫై ఏళ్ళు చేసింది. ఒక్కసారి కూడా పచ్చి పుడ్డింగ్ పెట్టలేదు. కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. నాలుగున్నరకి మాస్సప్‌ని ప్రవేశపెట్టాలి. శుక్రవారం తోటలో ఇద్దరూ అరుచుకున్నారు. ఆదివారం ఒంటిగంటా యాభైకి వాడు వెనక గేటులోంచి వెళ్ళడం పాదిరి గారి పనిమనిషి చూసింది. ఇంకేం కావాలి?"

"వాడేమంటున్నాడు?"

"కట్టెలు తెచ్చాట్ట. తలుపు కొడితే పలకలేదుట. కిటికీలోంచి చూస్తే ఎవరూ లేరుట. గాజుకి ఆవిరి కూడా పట్టలేదుట. అబద్ధం చెప్పేటప్పుడు ఇలాంటి చిల్లర ముక్కలు అతికించడం వీళ్ళకి అలవాటేలే."

"ఇప్పుడు ఆ కిటికీ చూడు."

రడ్ చూశాడు. గాజు తెల్లగా పాలు పోసినట్టు ఉంది. ఆవిరి చారలు కట్టి కిందికి జారుతోంది.

"ఒంటిగంటకి పుడ్డింగ్ పెట్టుంటే, ఒంటిగంటా యాభైకి ఈ గాజులోంచి లోపలున్నదేమీ కనపడదు," అన్నాడు క్రాగ్. "కానీ వాడికి ఖాళీ వంటిల్లు కనిపించింది."

"అయితే వాడు చూడనే లేదు. కట్టుకథ."

టక్ టక్ టక్. గోలీ ఇప్పుడు ఆగకుండా కొట్టుకుంటోంది. రడ్ చిరాగ్గా కుండ వంక చూశాడు. ఉన్నట్టుండి చప్పుడు మారింది. నీటి శబ్దం పోయి, ఎండు ఇనుము మీద గాజు దొర్లిన గరగర. మాడు వాసన. స్పెన్స్ కుండని పొయ్యి మీంచి లాగేశాడు.

"మూడూ ముప్ఫై, సార్. సరిగ్గా యాభై నిమిషాలు."

"అదే కుండ, అంచు దాకా నీళ్ళు, అదే మంట," అన్నాడు క్రాగ్. "నీ లెక్క ప్రకారం మెర్సీ ఒంటిగంటా యాభైకి చచ్చిపోయింది. ఇడా గార్త్ లెక్క ప్రకారం ఆరూ పది దాకా ఇంట్లో ఇంకెవరూ లేరు. నాలుగు గంటల ఇరవై నిమిషాలు. మరి ఆరున్నరకి కుండ నిండుగా ఎలా ఉంది, రడ్? ఎవరు పోశారు నీళ్ళు?"

రడ్ పళ్ళు కొరికాడు. "పుడ్డింగ్‌ని బోనెక్కిస్తావా? ప్రమాణం ఎలా చేయిస్తావు, గరిటె మీద చెయ్యి వేయించా?"

"ఎక్కిస్తాను. స్పెన్స్, తీసుకురా దాన్ని."

ఆదివారం కుండలోంచి తీసిన పుడ్డింగ్, కట్టిన గుడ్డ కట్టినట్టే, చల్లటి సరుకుల గదిలో ఉంది. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టారు. క్రాగ్ గుడ్డ మీద వేలితో కొట్టాడు. డప్పులా మోగింది.

"ఉడికితే పుడ్డింగ్ పొంగుతుంది. అందుకని గుడ్డ మధ్యలో ఒక కుచ్చు మడిచి కడతారు. మా అమ్మ మొదట నేర్పింది అదే. యాభై ఏళ్ళు పుడ్డింగులు కట్టిన మెర్సీ గార్త్ కుచ్చు లేకుండా ఇలా బిగదీసి కడుతుందా?"

తాడు కోసి, గిన్నె బోర్లించి, కత్తి దింపాడు. రెండు చెక్కలుగా విడిపోయింది. రడ్ దగ్గరికి వంగి, మరుక్షణం ముక్కు మూసుకున్నాడు. పై అంచు మాత్రమే గోధుమరంగు. లోపలంతా పాలిపోయిన ముద్ద. పిండి మధ్య పశువు కొవ్వు తురుము కరక్కుండా తెల్లటి పలుకులుగా అలాగే ఉంది.

"ఐదున్నర గంటలు ఉడికితే ఇది బొగ్గులా నల్లబడాలి. ఇది ఉడికింది గంటా పావు. అంతకుమించి లేదు. ఆరున్నరలోంచి తీసెయ్యి."

"ఐదుంబావు," అన్నాడు రడ్, అప్రయత్నంగా.

"ఐదుంబావుకి ఎవరో, పుడ్డింగ్ కట్టడం చేతకాని మనిషి, గిన్నె నింపి పొయ్యి మీద పెట్టారు. ఎందుకు? ఈ ఆదివారంనాడు ఈ ఇంట్లో పుడ్డింగ్ పొయ్యెక్కలేదంటే లోయలో చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది, మెర్సీ ఒంటిగంటకి ముందే పోయిందని. ఒంటిగంటకి ముందు ఈ ఇంట్లో ఉన్నది ఎవరు?"

రడ్ టోపీ తీశాడు. జుట్టు సర్దుకున్నాడు.

"డాక్టరు ఏ టైమూ ఖాయంగా చెప్పలేదు," అన్నాడు చివరికి. "మాళిగ మంచుగడ్డలా ఉందిట. మధ్యాహ్నం పన్నెండు కావచ్చు, సాయంత్రం ఆరు కావచ్చు అన్నాడు. సరే, ఇడా అబద్ధమాడింది. కానీ ఎందుకు చంపుతుంది? నలభై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్న ఇద్దరు ముసలాళ్ళు! కారణం చూపించు. లేదంటే నా మాస్సప్ నాకే."

"టైమెంత?"

"మూడూ నలభై."

క్రాగ్ దీపం పట్టుకుని ఉత్తరం వైపు సరుకుల గదిలోకి నడిచాడు. కళ్ళతో చూడాలని రాసింది మెర్సీ. ఏమిటి చూడాలి?

లోపల ఎండబెట్టిన మసాలా ఆకుల వాసన, చలి. పై అరలో ఊరగాయ సీసాలు. కింద రాతి పలక మీద, గోడకి ఆనించి, ఒక వరసలో చిన్న చిన్న పింగాణీ గిన్నెలు. పిల్లల గుప్పిట్లో పట్టేంతవి. ఒక్కోదానికి తెల్లగుడ్డ. ఒక్కో గుడ్డ మధ్యలో కుచ్చు. అంచు మీద ఎర్రదారంతో కుట్టిన అంకెలు. 1952. 1951. 1950...

"ఏమిటివి?" రడ్ గొంతు తగ్గిపోయింది.

"పిల్ల వాటా, సార్," అన్నాడు వెనకనుంచి స్పెన్స్. "పెద్ద పుడ్డింగ్ చేసినప్పుడల్లా నెల్ పేరున ఒక బుల్లిది కట్టి ఇక్కడ పెట్టేది. మా అమ్మ ఒకసారి చూసి దడుచుకుని జ్వరం తెచ్చుకుంది. యుద్ధంలో చక్కెర లేనప్పుడు కూడా కారెట్టు తురిమి కట్టింది. ఎవరూ విప్పలేదు వీటిని."

క్రాగ్ దీపాన్ని గిన్నెల మీదుగా నెమ్మదిగా జరిపాడు. ఇరవై ఒకటి. ఏ ఏటికా ఏడు ఒక పిల్ల క్రిస్మస్‌కి వస్తుందని దాచిన పళ్ళేల్లా ఉన్నాయి. ఆఖరి గిన్నె దగ్గర వెలుగు ఆగింది. 1932. ఆ పిల్ల తన చేత్తో కలిపింది ఇదొక్కటే. గుడ్డ టీ రంగుకి తిరిగింది కానీ తాడు మాత్రం కొత్తది, తెల్లగా ఉంది. గిన్నె పక్కన నిలువునా చీలిక.

"ఇది విప్పారు," అన్నాడు. "చలికి గిన్నె పగిలింది. వేరేదాంట్లోకి మార్చబోయింది మెర్సీ."

తాడు విప్పాడు. గుడ్డలో పుడ్డింగ్ రెండు ముక్కలుగా ఉంది, పలకరాయిలా గట్టిపడి, నల్లగా. క్రాగ్ ఒక ముక్కని దీపానికి దగ్గరగా పట్టాడు. నల్లటి ఆ విరిగిన పక్క మీద గుండ్రటి గుంట. నున్నగా, అచ్చు పోసినట్టు. గుంట పైన పక్కపక్కన మూడు చిన్న చుక్కలు.

ఉంగరం. మూడు ముత్యాల ఉంగరం.

క్రాగ్‌కి ముప్ఫై రెండు నాటి తన నోటుబుక్కు పేజీ కళ్ళముందు కదిలింది. పిల్ల పోయిన మధ్యాహ్నం మీరెక్కడున్నారని అడిగితే మేనత్త చెప్పిన జవాబు. 'ప్రార్థనా మందిరం దారిలో వెతుక్కుంటున్నాను. శనివారం నా ఉంగరం పోయింది. మూడు ముత్యాలది. నన్ను చేసుకోబోయి యుద్ధంలో పోయినాయన ఇచ్చింది.' శనివారం పోయిన ఉంగరం ఆదివారం కలిపిన పిండిలోకి ఎలా వస్తుంది?

వెనక్కి తిరిగేసరికి ఇడా గార్త్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు మెట్లు దిగిందో ఎవరికీ తెలియదు.

"మిస్ గార్త్," అన్నాడు క్రాగ్ మెల్లగా, "ఎడమచేతి తొడుగు తియ్యండి."

ఆమె అతని చేతిలోని నల్లముక్కని చూసింది. ఒక్కొక్క వేలే లాగి తొడుగు తీసింది. ఉంగరపు వేలి కణుపు వాచి ఎర్రబడింది. దానికి లోపలివైపు, మాంసంలో దిగబడి, మూడు ముత్యాలు.

"రావడం లేదు," అంది. "సబ్బు రాశాను. వెన్న రాశాను. ఇరవై ఒక్క ఏళ్ళ తర్వాత పెట్టుకుంటే, ఇంక నన్ను వదలనంటోంది."

"మెర్సీ ఇచ్చిందా?"

"చర్చి నుంచి రాగానే అరచేతిలో పెట్టింది. 'పిల్ల నీకోసం వేసింది ఇడా. ఎవరి ముక్కలో ఉంగరం వస్తే వాళ్ళకి పెళ్ళవుతుందిగా. తన కోరిక నీకిచ్చేసింది' అంది. నవ్వుతూ చెప్పింది. నేను సంతోషిస్తాననుకుంది."

"మీరేమో దొంగతనమనుకున్నారు. ఆ రోజు."

ఇడా గోడకి ఆనుకుంది. "వాగు గట్టున నిలదీశాను. ఎక్కడ దాచావే అని. 'చెప్పకూడదత్తా, చెబితే జరగదు' అని నవ్వింది. ఒక్క దెబ్బ కొట్టాను. ఒక్కటే. కాలు జారింది."

"అందుకోలేకపోయారా?"

"చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే ఉంది," అంది ఇడా. "కోపంలో ఉన్నాను."

రడ్ జేబులోంచి పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు.

"ఆదివారం నా మొహం చూసి వదినకి అర్థమైపోయింది. నేనేమీ చెప్పలేదు, ఇన్‌స్పెక్టర్ గారూ, ఒట్టు. బ్రాందీ తేవడానికి మాళిగ తలుపు తీసి నిలబడి ఉంది. నా వైపు అలా చూసింది. ఆ చూపు భరించలేక తోసేశాను. తలుపేసి బస్సెక్కాను. కూటంలో నాలుగు పాటలు పాడాను. మనసాగక, ముందు బస్సుకే వచ్చేశాను. నాలుగూ నలభై అయింది. మాళిగ తలుపు తీశాను." ఆమె గొంతు తగ్గింది. "బతికే ఉంది."

రడ్ తలెత్తాడు. "ఏమన్నారు?"

"తుంటి విరిగి కదల్లేక, ఆ చలిలో. నా అడుగు వినగానే పిలిచింది."

"అయినా మీరు పుడ్డింగ్ కట్టుకుంటూ కూర్చున్నారా? డాక్టరు ఇల్లు రెండొందల గజాలు లేదు!"

"గంటన్నర. ఆ చప్పుడు మొదలైనప్పుడల్లా నీళ్ళు పోస్తూ కూర్చున్నాను. ఆరింటి తర్వాత ఇంక మాట వినపడలేదు."

క్రాగ్ ఆమెకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఎందుకు? మిమ్మల్ని పట్టిస్తుందనా?"

"అలా అన్నా బాగుండేది." ఇడా మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "తిడుతుందనుకున్నాను. శపిస్తుందనుకున్నాను. 'ఇడా, ఎవరితోనూ చెప్పను. నిన్ను క్షమించాను. వచ్చి నా చెయ్యి పట్టుకో, చలేస్తోంది' అంది. మళ్ళీ మళ్ళీ అదే మాట. పొద్దున లేస్తే ఎదురుగా ఆ మొహం, నన్ను క్షమించిన మొహం, రోజూ నాకు టీ పోసిచ్చే మొహం. నావల్ల కాదు, ఇన్‌స్పెక్టర్ గారూ. చచ్చేదాకా ఆ క్షమాభిక్ష తింటూ బతకడం నావల్ల కాదు."

రడ్ పెన్సిలు ఆగిపోయింది. చదువుకున్నవాడు, పదకొండు హత్యకేసులు చూసినవాడు, కాయితం మీద చూపు నిలపలేక గోడ వంక చూస్తున్నాడు.

"రాయి," అన్నాడు క్రాగ్. "ఒక్క మాట కూడా వదలకు. స్పెన్స్, నువ్వు ఫోను దగ్గరికి పరిగెత్తు. మాస్సప్‌ని కారెక్కించొద్దని చెప్పు."